ట్యాంకు మీద మూడో తట్టు

పొద్దుగూకాక నాలుగో షెడ్డు వైపు ఎవరూ పోరు.

చిన్న విమానాలు దిగే మైదానం అది. షెడ్లు నాలుగు. మూడింటి ముందు కాపలావాళ్ళు రాత్రంతా పిచ్చాపాటీ మాట్లాడుకుంటారు. నాలుగోదాని ముందు కుక్క కూడా పడుకోదు. లోపల ఎవరో తడతారట. టక్... టక్. రెండే. ఆ తర్వాత చడీచప్పుడూ ఉండదు.

నేను దెయ్యాల్ని నమ్మే రకం కాదు. చెప్పింది మా బావ గనక విన్నాను గానీ, ఇంకొకడైతే నీ మొహం అనేసి లేచిపోయేవాణ్ణి.

బావ అంటే మా అక్క మొగుడు, విమానాల మెకానిక్కు. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డముక్క. కనిపించిందల్లా తుడవాల్సిందే. ఏదో ఒకరోజు తనని కూడా తుడిచి అటక మీద పెట్టేస్తాడని అక్క ఆటపట్టిస్తుంది.

నాలుగో షెడ్డులో ఉండేది మా తాతల కాలం నాటి రెండు సీట్ల విమానం. దాని పెట్రోలు గేజీ చూస్తే నవ్వొస్తుంది. ముక్కు మీద, అద్దానికి ముందు, ట్యాంకు మూత. మూత కన్నంలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక తీగ. తీగ అడుగున బెండుముక్క పెట్రోలు మీద తేలుతుంటుంది. తీగ పొడుగ్గా కనిపిస్తే ట్యాంకు నిండుగా ఉన్నట్టు, కిందికి దిగితే అడుగంటినట్టు. అంతే సంగతి.

దాన్ని నడిపిన కెప్టెన్ గారికో అలవాటుండేది. ఎక్కేముందు వేలి కణుపుతో ట్యాంకు మీద రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. తృప్తిపడితే మూడోసారి తట్టి ఎక్కేవాడు. మూడోది పడలేదా, ఆ రోజు ఎగరడం లేనట్టే.

మూడేళ్ళ కిందట గాల్లో ఇంజిన్ ఆగిపోయి ఆయన పోయాడు. వెళ్ళి చూస్తే ట్యాంకులో సగం పెట్రోలు అలాగే ఉంది. విచారణకొచ్చినవాళ్ళు బావని అడిగారు. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు, ఆయనే పొరపాటున పెట్రోలు వాల్వు కట్టేసి ఉంటారన్నాడు బావ. వాళ్ళు అదే రాసుకుపోయారు. ఆ నింద మోయలేక కెప్టెన్ గారి భార్య నలుగురిలోకి రావడమే మానేసింది.

బావ ఆ విమానాన్ని మళ్ళీ నిలబెట్టాడు. పాత ట్యాంకే, పాత మూతే. నేల మీద పది నిమిషాలు తిప్పి చూస్తే ఇంజిన్ చక్కగా తిరిగింది. కానీ ట్యాంకు నింపిన రోజు నుంచీ... ఈ తట్టుడు మొదలైంది.

తెల్లారితే దాంట్లో ఒంటరిగా ఎగరాల్సింది బావ కూతురు. నా మేనకోడలు.

బావకి అనుమానం దెయ్యం మీద కాదు, మనుషుల మీద. ఆ విమానాన్ని ఎగరనివ్వనన్న కెప్టెన్ తమ్ముడి మీద అనుమానం. కాపలావాడి మీద అనుమానం. ఆఖరికి నా మీద కూడా! పిల్ల ఎగరడం నాకిష్టం లేదు కాబట్టి నేనే ఏదో కెలుకుతున్నానట. చూశారా ఎంత మాటో. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రాత్రి గడప లోపల సుద్దపొడి చల్లి, దీపం ఆర్పి, పనిబల్ల వెనక కూర్చున్నాడు. అడుగుజాడ పడితే దొంగ దొరికినట్టే.

చలి పెరిగింది. పొడి మీద ఏ అడుగూ పడలేదు...

టక్.

టార్చి వేశాడు. ఎవరూ లేరు. విమానం ముక్కు మీద తీగ మాత్రం వణుకుతోంది — సన్నగా, ఎవరో ఇప్పుడే వదిలినట్టు.

టక్.

పారిపోదామనుకున్నాడు. కానీ పొద్దున్నే ఎక్కేది కూతురు కదా. దగ్గరికెళ్ళి ట్యాంకు మీద చెయ్యి వేశాడు. రేకు లోపలికి లొత్తపడి ఉంది. మూత తిప్పబోతే రాలేదు, లోపల్నించి ఎవరో పట్టుకున్నట్టు. బలమంతా పెట్టి తిప్పాడు.

హా...

ట్యాంకు గాలి పీల్చుకుంది. రేకు ఉబ్బి సర్దుకుంది.

బావ దీపం వెలిగించి, మూతని దాని కిందికి తీసుకొచ్చాడు. తీగ చుట్టూ బిగుతుగా ఒక రబ్బరు ముక్క. కత్తిరించింది తనే. కన్నంలోంచి పెట్రోలు చింది అద్దం మరకపడుతోందని, కెప్టెన్ గారు పోయే వారం ముందు తనే బిగించాడు. నూనె డబ్బాకి ఒకటే కన్నం పెడితే నూనె సరిగా కారదు, గాలి పోవడానికి ఇంకోటి పెట్టాలి. వంటింట్లో మా అక్కకి కూడా తెలిసిన సంగతి. ఈ ట్యాంకుకి గాలి పోయే దారి ఆ తీగ పక్క సందు ఒక్కటే. దాన్ని ఈ శుభ్రాల మనిషి మూసేశాడు. పెట్రోలు ఉంది, ఇంజిన్ ఎక్కువసేపు తిరిగితే కిందికి దిగే దారి లేదు. రాత్రి చలికి లోపలి గాలి ముడుచుకుంటే, రేకు లొత్తపడుతూ కొట్టుకుంటోంది.

రబ్బరు పీకేశాడు. తెల్లారేదాకా అక్కడే కూర్చుని ఏడ్చానని చెప్పాడు.

కూతుర్ని ఆ రోజు ఎగరొద్దన్నాడు. నేరుగా కెప్టెన్ గారి ఇంటికెళ్ళి, గుమ్మంలోనే ఆ రబ్బరు ముక్కని ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆయన ఏ తప్పూ చెయ్యలేదమ్మా. చేసింది నేను. ఇప్పుడే వెళ్ళి విచారణవాళ్ళకి రాసిస్తాను."

ఆవిడ తిట్టలేదు. షెడ్డులో చప్పుడు సంగతి ఆవిడ చెవినా పడిందట. మెల్లిగా అడిగింది.

"రోజూ ఎన్నిసార్లు తట్టేది?"

"రెండమ్మా."

"నిన్న రాత్రి?"

బావ తల దించుకున్నాడు.

"మూడు."

అప్పుడు ఏడ్చిందట ఆవిడ, మూడేళ్ళకి. వారం తర్వాత మా పిల్ల ఎగిరినప్పుడు మైదానం అంచున నిలబడి చూసింది కూడా. నేను పక్కనే ఉన్నాను.

మూడోది ఎప్పుడు వినబడిందని బావని నిలదీశాను. రబ్బరు పీకేశాక, మూత చేత్తో పట్టుకుని గడప దాకా వచ్చాక, వెనకనుంచి వినబడిందన్నాడు. మూతలేని ట్యాంకు ఎందుకు కొట్టుకుంటుంది బావా? సుద్దపొడి మీద అడుగులేమైనా ఉన్నాయా అని అడిగాను.

"నావే," అన్నాడు.

గుడ్డముక్క తీసి, శుభ్రంగానే ఉన్న చేతుల్ని తుడుచుకుంటూ కూర్చున్నాడు.