టబ్బులో టార్చి

ఆమె టార్చిని నీళ్ళలో ముంచింది. అటూ ఇటూ తిప్పి మళ్ళీ ముంచింది.

బాత్రూమ్ నేల మీద నీలం ప్లాస్టిక్ టబ్బు. దాని నిండా మంచినీళ్ళు. అందులో ఆమె రబ్బరు బూట్లు, గ్లవ్స్, తలకు తొడుక్కునే నల్ల టోపీ, భర్తది అరచేతిలో ఇమిడే ఆ చిన్న టార్చి. సముద్రంలోకి దిగేవాళ్ళు తమ సామానును ఇలా నానబెట్టి కడగాలి. లేకపోతే ఉప్పు తినేస్తుంది. ఆ పని ఆమెకు నేర్పింది భర్తే.

ఆయన సముద్రంలో పోయి పన్నెండు రోజులైంది. ఉప్పు మొదటి రోజే పోయింది. ఆమె మాత్రం రోజూ కడుగుతూనే ఉంది.

"మొగుణ్ణి ముంచింది చాలదు కాబోలు. రోజూ ఆ సామాను కూడా ముంచుతోంది." హాల్లోంచి అత్తగారి గొంతు.

కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీసింది మరిది. గుమ్మంలో యూనిఫామ్ వేసుకున్న ఆడమనిషి. వయసు నలభై దాటి ఉంటుంది. బూట్లు విప్పుతూనే హాలంతా ఒకసారి చూసింది.

"రండి ఇన్‌స్పెక్టర్ గారూ. వదిన స్టేట్‌మెంట్ ఇచ్చేస్తే అయిపోయినట్టేగా?"

"అయిపోయినట్టే. ఆయన్ని నీళ్ళలోకి దింపిన గైడ్‌ని రేపు పొద్దున కోర్టులో పెడతాం. లోపల ఉంటాడా, ఇంటికి పోతాడా అన్నది ఆవిడ మాట మీద ఉంది."

"ఇంటికి పోవడమేంటి మేడమ్? మనిషిని పోగొట్టాడు."

ఇన్‌స్పెక్టర్ నేరుగా బాత్రూమ్ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

కేసు పైకి చాలా చిన్నది. పదిమంది పట్టే పడవ. తిండీ నిద్రా అందులోనే. వారం రోజులు జనం పెద్దగా లేని దీవుల మధ్య తిరుగుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దూకుతారు. దాన్ని లివబోర్డ్ అంటారని ఇన్‌స్పెక్టర్‌కు ఈ కేసు చేతికి వచ్చాకే తెలిసింది. మూడో రాత్రి, ఒక దీవి పక్కన లంగరు వేసి ఉండగా, గైడ్ వెంట ఐదుగురు దిగారు. నలుగురే తేలారు.

శవం దొరకలేదు.

"అడుగున ప్రతి నిమిషం లైట్లు లెక్కపెడుతూనే ఉన్నాను మేడమ్," అన్నాడు గైడ్ లాకప్‌లో. "ఐదు ఉన్నాయి. తిరిగి చూస్తే నాలుగు. లైటు దూరమవలేదు. ఆరిపోయింది." ఆ మాట ఇన్‌స్పెక్టర్‌ను వదలడం లేదు.

"లేవకండి," అంది ఆమెతో. "మీ పని మీరు చేసుకోండి. నేను ఇక్కడే కూర్చుంటాను."

బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"ఆ పడవని ఎంచుకున్నది ఎవరు?"

"నేనే."

"అదే మా ఖర్మ," హాల్లోంచి అత్తగారు. "మొగుడు దిగులుగా ఉన్నాడని ఏ కొండకో తీసుకెళ్ళొచ్చుగా. ఈవిడకి సముద్రం కావాల్సి వచ్చింది."

"దిగులెందుకు?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచకుండానే హాలు వైపు తిరిగింది.

మరిది గబగబా అందుకున్నాడు. "అన్నయ్య లిఫ్టుల సేఫ్టీ ఇంజనీర్ కదా. పోయిన నెల ఒక బిల్డింగ్‌లో లిఫ్ట్ తెగిపడింది. ఇద్దరు పోయారు. దాన్ని పరీక్షించి బాగుందన్నది అన్నయ్యే. ఎంక్వయిరీ వేశారు. ఇప్పుడు మనిషే లేడుగా, మూసేస్తున్నారట."

"ఊఁ."

ఆమె తలెత్తలేదు. బూటులోని నీళ్ళు వంపుతోంది.

"పడవని ఎలా ఎంచుకున్నారో చెప్పండి. నాకు ఈ టబ్బుని మించి నీళ్ళు తెలియవు. తీరిగ్గా చెప్పండి."

పన్నెండు రోజులుగా ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎందుకు ఎంచుకున్నావని అడిగినవాళ్ళే అందరూ.

"మొదట నాకు ఉత్తరాన ఉన్న పగడాల దీవులకు వెళ్ళాలనిపించింది. అక్కడ నీళ్ళు అద్దంలా ఉంటాయట. ఆయన వద్దన్నారు. ప్రవాహం ఎక్కువ, నువ్వు తట్టుకోలేవన్నారు. తర్వాత ఆయనే వెతికి మూడు పడవల కాగితాలు తెచ్చారు. ఈ మూడింట్లో నీ ఇష్టం, నేను ఒక్క మాట కూడా అనను అన్నారు."

"మీరేం చూశారు?"

"ఒక గైడ్‌కి ఎంతమందో చూశాను. రెండింట్లో ఎనిమిది మందికి ఒక్కడు. తెల్ల పడవలో ఐదుగురికి ఒకడు. ఆక్సిజన్ ఉందా, జబ్బు చేస్తే ఆస్పత్రికి ఎన్ని గంటలు పడుతుంది, అన్నీ చూశాను. ఎక్కువ భద్రమని దాన్ని చెప్పాను." ఆమె గ్లవ్స్‌ని నీళ్ళలోకి తోసింది. "నేనే చెప్పాను."

"ఆ కాగితాలు ఉన్నాయా?"

"ఫ్రిజ్ తలుపుకి ఉన్నాయి. తీయలేదు."

ఇన్‌స్పెక్టర్ వంటింట్లోకి వెళ్ళింది. అయస్కాంతం కింద మూడు రంగుల కాగితాలు. ఒక్కోదాని మీద ఒక పడవ బొమ్మ. కింద దీవుల మ్యాప్, ఏ రాత్రి ఎక్కడ లంగరు వేస్తారో చిన్న చుక్కలు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. మడిచి జేబులో పెట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి ఆమె గ్లవ్స్ పిండుతోంది.

"ఆ రాత్రి మీరెందుకు దిగలేదు?"

"చెవి. ఆయనే లైటు వేసి చూసి, ఎర్రగా ఉంది, ఈ రాత్రికి దిగకు అన్నారు. నాకు నొప్పి లేదు. అయినా ఆయన మాట కాదనలేదు."

"మరి ఆయనకి జంట? ఎప్పుడూ ఇద్దరిద్దరుగా దిగాలట కదా, బడ్డీ అంటారట."

"ఆయన బడ్డీని నేనే. ఆ రాత్రి గైడ్ పక్కనే ఉంటానన్నారు. కానీ దిగేముందు చెక్ చేసింది నేనే. ఎప్పుడూ నేనే చేస్తాను."

"ఎలా చేస్తారు?"

ఆమె లేచి, తడి చేతులతోనే ఇన్‌స్పెక్టర్ ముందుకు వచ్చింది. భుజాలు పట్టుకుని లాగి చూసింది. ఛాతీ మీద క్లిప్పులు ఉండే చోట తట్టింది. నడుము చుట్టూ బరువుల బెల్టు ఉండే చోట వేళ్ళు పోనిచ్చింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. చేతులు మాత్రం ఆ రాత్రి పడవ అంచు మీదే ఉన్నాయి.

కుడి జేబు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇక్కడ ఏదో గట్టిగా తగిలింది. ఏంటన్నాను. స్పేర్ టార్చి అన్నారు."

"తర్వాత?"

"తర్వాత బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించారు. అంతా బాగుందని. దూకేశారు."

యూనిఫామ్ మీద తడి వేళ్ళ గుర్తులు. ఇన్‌స్పెక్టర్ వాటిని తుడుచుకోలేదు.

హాల్లో అత్తగారు ముక్కు చీదింది. "కళ్ళజోడు లేకపోతే వాడికి గడప కూడా కనబడదు. చిన్నప్పటి నుంచీ అంతే. అలాంటి వాణ్ణి చీకట్లో సముద్రంలోకి తోశారు."

"మాస్కులో పవర్ అద్దాలు ఉంటాయి అత్తయ్యా," అంది ఆమె అలవాటుగా. ఈ మాట చాలాసార్లు చెప్పినట్టుంది.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది.

"మాస్కు పెట్టుకునేముందు కళ్ళజోడు ఏం చేస్తారు?"

"తీసి నాకిస్తారు. నేను తుడిచి పెట్టెలో పెట్టి, సీటు కింద ఉంచుతాను. పైకి రాగానే ముందు అదే అడుగుతారు." ఆగింది. "ఆ రాత్రి ఆయనే పెట్టుకున్నారు. నా చేతులు తడిగా ఉన్నాయన్నారు."

"ఆ పెట్టె ఎక్కడ?"

"మరిది రేవు నుంచి తెచ్చిన అట్టపెట్టెలోనే ఉంది. ఆ కళ్ళజోడు పెట్టె మాత్రం తెరవలేదు. నావల్ల కాలేదు."

"తీసుకుని హాల్లోకి రండి. ఆ టార్చి కూడా."

మరిది సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో. ఆమె తడి టార్చిని, నల్ల కళ్ళజోడు పెట్టెను టీపాయ్ మీద పెట్టింది. టార్చి కింద నీళ్ళు చిన్న మడుగు కట్టాయి.

"తెరవండి," అంది ఇన్‌స్పెక్టర్.

"ఎందుకు మేడమ్ ఆవిణ్ణి బాధపెట్టడం?" మరిది లేవబోయాడు.

"కూర్చోండి."

ఆమె పెట్టె మూత తీసింది.

లోపల తుడుచుకునే పసుపు గుడ్డ. అంతే.

ఫ్రిజ్ మోత వంటింట్లోంచి వినిపిస్తోంది.

"పడవలోనే ఎక్కడో పడిపోయి ఉంటుంది," అన్నాడు మరిది.

"ఉండొచ్చు. పోనీ అలాగే అనుకుందాం." ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగింది. "ఆయనకి టార్చీలు ఎన్ని?"

"రెండే. పెద్దది చేతిలోకి. చిన్నది స్పేర్."

"స్పేర్ జేబులో పెట్టుకుని దిగారు."

"అవును. నేను తడిమాను..."

మాట ఆగిపోయింది. ఆమె చూపు టీపాయ్ మీదికి వెళ్ళింది. పన్నెండు రోజులుగా కడుగుతున్న టార్చి. నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"ఇది స్పేర్," అంది మెల్లగా. "క్యాబిన్ సామానుతో వచ్చింది."

"మరి మీ చేతికి గట్టిగా తగిలింది ఏంటి?"

ఆమె ఖాళీ పెట్టెను చూసింది.

"మునిగిపోయేవాడికి కళ్ళజోడుతో పని లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "గట్టు మీద నడవాల్సినవాడికే ఉంది. నీళ్ళు తగలని డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాడు. అడుగున లైటు ఆర్పేశాడు. ఆరిందని గైడ్ చెబుతూనే ఉన్నాడు, మనమే వినలేదు. అక్కడి నుంచి గట్టు ఈతకు అందేంత దూరం. ఆ దీవి మీద విమానాలు దిగే చిన్న మైదానం ఉంది."

"వదిన ఆ పడవని ఎంచుకుంటుందని అన్నయ్యకి ఎలా తెలుస్తుంది?" మరిది గొంతు పైకి లేచింది. "కావాలంటే అడగండి. ఎంచుకున్నది వదినే."

"అదే నన్నూ తికమక పెట్టింది."

జేబులోంచి మూడు కాగితాలు తీసి టీపాయ్ మీద పరిచింది. ఒక్కోదాని మీద వేలు పెట్టింది.

"ఇది తెల్ల పడవ. మూడో రాత్రి లంగరు ఇక్కడ. ఇది రెండోది. మూడో రాత్రి, ఇదే దీవి. ఇది మూడోది. చూడండి, ఇదే." తల ఎత్తి ఆమెను చూసింది. "మీరు గైడ్‌లని లెక్కపెట్టారు, ఆక్సిజన్ చూశారు. అన్నీ చూశారు. కానీ మీరు ఏ పడవ పేరు చెప్పినా మూడో రాత్రి అక్కడికే చేరేవారు. అక్కడికి వెళ్ళని పడవని ఆయన ముందే కాదన్నాడు. మీరు దేన్నీ ఎంచుకోలేదమ్మా. ఎంచుకున్నామని మీకు అనిపించేలా చేశాడు."

ఆమె వేలు ఆ చుక్క మీద పెట్టింది. తర్వాత రెండో కాగితం మీది చుక్క. తర్వాత మూడోది. ప్రతి కాగితం మీదా తడి మచ్చ మిగిలింది.

"ఇవన్నీ ఊహలు," అన్నాడు మరిది.

"మీ విషయం ఊహ కాదు. పడవ ఆఫీసు నుంచి మీకు ఫోన్ వచ్చింది ఎప్పుడు?"

"పొద్దున... తొమ్మిదికి."

"అప్పుడు ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఇంట్లోనే. వెంటనే బయలుదేరాను."

"ఆ రేవుకి ఇటు నుంచి రోజుకి ఒకే లాంచీ. ఏడింటికే వెళ్ళిపోతుంది. సాయంత్రం మీ వదిన పడవ దిగేసరికి మీరు రేవులో నిలబడి ఉన్నారు. ఇటు నుంచి రాలేదు. మరెటు నుంచి వచ్చారు?"

మరిది టీపాయ్ మీది కాగితాలను దూరంగా జరిపాడు.

"ఆయన సామాను మీరే సర్దారు. పెట్టె కనబడింది, వేశారు. మూత తీసి చూడలేదు. మీ అన్నయ్య మీకు ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడు. ఎక్కడున్నాడు?"

మరిది తల వంచుకుని చెప్పాడు.

"దీవి దాటించి... మా స్నేహితుడి ఇంట్లో దింపాను. ఎంక్వయిరీ మూసేసేదాకానే అన్నాడు. ఆ లిఫ్ట్ కేబుళ్ళు అరిగాయని అన్నయ్యకి ముందే తెలుసు. జైలు తప్పదన్నాడు."

"బతికున్నాడా?"

ఆ మాట అంటూనే అత్తగారు కుర్చీలోంచి లేచింది. మోకాళ్ళ నొప్పి గుర్తు లేనట్టు రెండడుగుల్లో కొడుకు దగ్గరికి వచ్చింది. "ఒరేయ్, బతికున్నాడా వాడు? బాగున్నాడా? వేళకి తింటున్నాడా? కళ్ళజోడు ఉందా వాడి దగ్గర?"

"ఉందమ్మా."

"హమ్మయ్య." ముసలావిడ కొంగుతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఈ పన్నెండు రోజుల్లో ఆవిడ అలా ఏడవలేదు.

కోడలు చూస్తూ నిలబడింది.

"వదినకి చెప్పాలని నేనన్నాను," మరిది ఆమె వైపు చూడకుండా గొణిగాడు. "అన్నయ్యే వద్దన్నాడు. అది నిజంగా ఏడిస్తేనే జనం నమ్ముతారు అన్నాడు. తనవల్లే పోయానని అనుకుంటే ఎవరినీ ఏమీ అడగదు అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి కింద జీపులో ఉన్న కానిస్టేబుల్‌ని పైకి రమ్మంది. తర్వాత ఆమె వైపు తిరిగింది. "గైడ్ బయటికి రావాలంటే మీ స్టేట్‌మెంట్ ఒక్కటి కావాలి. తొందరేం లేదు. స్టేషన్‌కి వచ్చినా సరే, రేపు పొద్దున కోర్టుకి ముందైనా సరే."

ఆమె తల ఊపింది.

బాత్రూమ్‌లోకి వెళ్ళింది. టబ్బు వంచిన చప్పుడు వినిపించింది. నీళ్ళు తూములోకి గలగలా పోయాయి. చాలాసేపు పోతూనే ఉన్నాయి.

తిరిగి వచ్చి టార్చిని కొంగుతో తుడిచి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. మెడలో దారానికి ఉన్న ఇంటి తాళంచెవి తీసి, ఖాళీ కళ్ళజోడు పెట్టెలో పెట్టి, మూత వేసింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు, కొంగు తీసి. ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు. "వాడు వచ్చేస్తాడుగా."

ఆమె చెప్పులు వేసుకుంది. పైకి వస్తున్న కానిస్టేబుల్‌కి దారి ఇచ్చి, మెట్లు దిగింది. కింద నిలబెట్టిన పోలీసు జీపు వెనక తలుపు తెరిచి, ఎక్కి కూర్చుంది.