వేదవతి మార్పించిన ఆయిల్

పెళ్ళికొడుకు వచ్చి అరగంట దాటింది. ఇంతవరకూ పెళ్ళికూతురి మొహం చూడలేదు. కారు మొహం చూస్తున్నాడు.

వంటింటి కిటికీలోంచి వేదవతికి అంతా కనిపిస్తోంది. 1982 శ్రావణం. ఆదోని మీద సన్నగా వాన పడుతోంది. పెరట్లో రేకుల షెడ్డు కింద వాళ్ళ పాత అంబాసిడర్, దాని చుట్టూ ముగ్గురు మగవాళ్ళు. ఒకరు వాళ్ళ నాన్న భీమసేనరావు, రిటైరైన తెలుగు పండితుడు. రెండో ఆయన ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మాజీ హెడ్మాస్టరు ప్రాణేశరావు. మూడో శాల్తీ ఆయన కొడుకు వాదిరాజ, బ్యాంకు ఉద్యోగి. తల మొత్తం బానెట్ కింద పెట్టి ఉన్నాడు.

"నన్ను చూసేకొచ్చినాడా, ఇంజన్ను చూసేకొచ్చినాడా?" అని గొణిగింది వేదవతి.

"ఊరుకోవే. కాఫీలు ఆడికే తీసుకపో," అంది తల్లి తులసీబాయి.

ఆమె షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి నాన్న తనకు చాలా ఇష్టమైన ఉపన్యాసంలో ఉన్నాడు.

"పదేండ్లాయె ఈ కారు మా ఇంటికొచ్చి. ఒక్క చుక్క ఆయిల్ పారబోసింది లేదు! తరతరాలుగా హనుమంతరాయుని గుళ్ళో నందాదీపం చూసుకునేది మా వంశమే. దీపంలో నూనె తగ్గితే పోస్తాం. ఉన్నదాన్ని వంచి పారబోస్తామా? ఇంజన్‌కైనా అంతే. పోసుకుంటా పోవాల, తీయగూడదు. చూడండి, ఎంత సల్లగా నడుస్తాందో!"

ప్రాణేశరావు నోరు తెరుచుకుని వింటున్నాడు. వాదిరాజ మాత్రం ఆయిల్ కొలిచే కమ్మీని బయటికి లాగాడు. పదేళ్ళ మడ్డి ఉండాల్సిన చోట తేనె రంగు ఆయిల్ మెరిసింది. వేళ్ళ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, కాఫీ పళ్ళెంతో నిలబడ్డ అమ్మాయిని మొదటిసారి చూశాడు.

అయిపోయింది, కనిపెట్టేశాడు, ఇప్పుడు నోరు తెరుస్తాడు అనుకుంది వేదవతి. వద్దన్నట్టు తల కొద్దిగా ఊపింది. పళ్ళెంలో గ్లాసులు గలగలలాడాయి.

"ఏమప్పా, ఎట్లుంది?" అన్నాడు భీమసేనరావు.

"ఇట్లాంటి ఆయిల్ నేను యాడా చూడలేదు సార్," అన్నాడు వాదిరాజ, మహా వినయంగా.

ఉప్పిట్టు తిన్నాక పెద్దవాళ్ళు వాళ్ళిద్దరినీ వసారాలో మాట్లాడుకోమన్నారు. చూరు నుంచి వాన ధార కడుతోంది.

"ఎన్నాళ్ళకొకసారి?" అని అడిగాడు వాదిరాజ.

"ఏమి?"

"ఆయిల్ మార్పించేది."

"పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్నేనా ఇది?"

"పాటొచ్చునా అని అడుగుదామనుకున్యాను. ఇదే ముఖ్యమనిపించింది."

వేదవతికి కోపం రావాలి. నవ్వొచ్చింది. "వానలకు ముందొకసారి. పత్తి బండ్లు మార్కెట్టుకొచ్చే దుమ్ము రోజులు అయినాక ఒకసారి. మంత్రాలయం తిరుగుడు ఎక్కువైతే నడాన ఇంకోసారి. కారుతో వచ్చిన బుక్కులో మూడు వేల మైళ్ళని రాసినారు. ఆ రాసినాయన మా రోడ్డు చూసుండడు."

"సార్‌కు తెలీకుండా ఎట్లా?"

"ఉత్సవాలప్పుడు ఆడ కారు నిలిపేకి చోటుండదని నాయన మంత్రాలయం బస్సులో పోతాడు గదా, అప్పుడు ఏసన్నను పిలిపిస్తాను. మెకానిక్కు. నాయనకు దగ్గరి చూపు తక్కువ, రంగు తెలీదు." ఆమె గొంతు తగ్గించింది. "మీకు దండం పెడతాను, చెప్పొద్దండి. రిటైరైనాక నాయన మాట వినేవాళ్ళు తగ్గిపోయినారు. ఈ కారు సంగతి చెప్తే మాత్రం అందరూ నిలబడి వింటారు. ఆ పొద్దంతా సంతోషంగా ఉంటాడు. అదొక్కటీ తీసేస్తే ఎట్లా?"

వాదిరాజ ముఖంలో నవ్వు పోయింది.

"నా నోట్లోంచి రాదు. ఎప్పటికీ," అన్నాడు.

మాఘంలో ముహూర్తం పెట్టారు. అంతా బాగానే ఉండేది, ప్రాణేశరావు అంత శ్రద్ధగా విని ఉండకపోతే. ఆయనకు నీలం రంగు ఫియట్ ఉంది. దానికి ఆయిల్ మార్పించాల్సిన సమయం అప్పటికే దాటింది. వియ్యంకుడి మాట మీద మానేశాడు. తగ్గినప్పుడల్లా భక్తిగా పోయడం మొదలుపెట్టాడు.

దీపావళి ముందు చీరలు కొనడానికి వేదవతి తల్లితో ఎమ్మిగనూరు వచ్చింది. మగ్గాలాయన సోమన్న ఇంట్లో తులసీబాయి అంచులు ఎంచుతుంటే, వాదిరాజ చిన్నగా వచ్చి వేదవతి పక్కన నిలబడ్డాడు.

"మా ఇంట్లో గూడా నందాదీపం మొదలైంది," అన్నాడు.

"అయ్యో! మీరు గూడా నా మాదిరి..."

"యాడైతాది? కారు తాళంచెవి మా నాయన జంధ్యానికి కట్టుకున్యాడు. స్నానానికి గూడా తీయడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. తులసీబాయి తిరిగి చూస్తే, ఇద్దరూ ఒకే చీరను తెగ పరీక్షిస్తున్నారు.

పుష్యమాసంలో ఆ నవ్వు ఆరిపోయింది. శుభలేఖలు పంచడానికి వెళ్ళిన ప్రాణేశరావు కారు దేవనకొండ తోవలో ఒక్కసారిగా కీచుమని నిలిచిపోయింది. ఇంజన్ పట్టేసింది. లోపలున్నది ఆయిల్ కాదు, తారు. ఆయన పత్తి లారీ ఎక్కి ఇల్లు చేరాడు.

పరామర్శకు వెళ్ళిన భీమసేనరావు ఊరుకోక అడిగాడు: "మడితో పోసినావా?"

"మడా! నీ దీపం నా ఇంజన్ను కాల్చింది!"

"నా కారుకు పదేండ్లుగా కానిది నీ కారుకెందుకైతాది? నీకు శ్రద్ధ సాలలేదు."

"శ్రద్ధ లేనోళ్ళతో నీకు సంబంధమెందుకు? ఇంతటితో సరి!"

మర్నాడు వేదవతి పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర వాదిరాజ నిలబడి ఉన్నాడు. జుట్టంతా బస్సు దుమ్ము.

"నేను ఇంట్లో చెప్పేస్తాను," అంది వేదవతి.

"వద్దు. మా నాయన్ను నేను ఒప్పిస్తాను. కొంచెం టైమియ్యి."

"ఒప్పుకోకుంటే?"

అతను జుట్టులోని దుమ్ము దులుపుకున్నాడు.

"ఇంజన్ పోతాదని మీకు ముందే తెలుసు గదా! మీ నాయనకు ఒక్క మాట చెప్పుంటే..."

"నీకు మాటిచ్చినాను."

అంత మామూలుగా అన్నాడు. వేదవతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన నాన్న సంతోషం కోసం సొంత నాన్న కారు పాడైపోయినా నోరు విప్పని ఈ మనిషిని వదులుకోవడం తన వల్ల కాదని ఆ గేటు దగ్గరే తెలిసిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే నాన్న ఎదుట కూర్చుని అంతా చెప్పేసింది. భీమసేనరావు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ప్రతి ఏడూ మార్పించినావా?"

"ఊఁ."

"ఆ ఏసన్నకు గూడా తెలుసు. ఇద్దరూ నవ్వుకుంటాంటిరా?"

"లేదు నాయనా!" వేదవతి ఏడ్చేసింది. "ఏసన్న ఒక్కరికీ చెప్పలేదు. 'పంతులు సారు కాడ సదువుకున్యోణ్ణి, ఆయన మాట తప్పని నేనెట్ల సెప్పేదమ్మా' అన్నాడు."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. వేదవతికి ఆ ఒక్క మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

తెల్లవారగానే మాత్రం కారు బయటికి తీసి, "ఎక్కండి" అన్నాడు. తిన్నగా ఎమ్మిగనూరు పోనిచ్చాడు.

ప్రాణేశరావు వాకిట్లోనే ఎదురయ్యాడు. భీమసేనరావు రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాది రావుగారూ. నా కారుకు గూడా ఆయిల్ మారుస్తానే ఉన్నారు. మా అమ్మాయి మార్పిస్తాండె. నా మాట పోగూడదని నాకు చెప్పలేదు. తెలిసీ తెలియని మాటతో మీ ఇంజన్ చెడగొట్టినాను. మీ కాడ, మీ ఇంటోళ్ళ కాడ క్షమించమని అడుగుతాండాను. పిల్లల్ని మాత్రం విడదీయొద్దు."

నాన్న ఒక మనిషికి అలా చేతులు జోడించగా వేదవతి ఎన్నడూ చూడలేదు. తలుపు పక్కన వాదిరాజ కూడా తల వంచుకున్నాడు. అది ప్రాణేశరావు కంట పడింది.

"నీకు తెలుసునారా ఈ సంగతి?"

"పెళ్ళిచూపుల్నాడే తెలుసు నాయనా."

"తెలిసీ నన్ను పోయనిచ్చినావా!"

"చెప్పనని మాటిచ్చినాను."

ప్రాణేశరావు కొడుకును చూశాడు. తల దించుకున్న పిల్లను చూశాడు. భీమసేనరావు జోడించిన చేతులను తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"బావగారూ, బిరబిర పెండ్లి చేసేద్దాం. ఈ పిల్ల మాట కోసం వీడు కారు కాల్చినాడు. ఆలస్యం చేస్తే ఇల్లు గూడా కాలుస్తాడు!"

లోపలున్న ఆడవాళ్ళు కూడా నవ్వేశారు. ఒక్క భీమసేనరావు నవ్వలేదు. వాదిరాజను దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు.

"అప్పా, నీకొక మాట చెప్పాల. మా వేద ఎవరి తప్పునూ మొహాన చెప్పదు. చడీచప్పుడు లేకుండా తానే సరిచేసి, పేరు మనకిస్తాది. మనమే కనిపెట్టుకోవాల. ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉండీ నేను కనిపెట్టలేకపోయినాను."

వాదిరాజ ఆయన చేతి మీద తన చెయ్యి పెట్టాడు.

"నేను మొదటి రోజే కనిపెట్టినాను మామా," అన్నాడు.