పద్మకుమారి నాలుగు వాక్యాలు

మధ్యాహ్నం అన్నాల గంట తర్వాత ఇంగ్లీషు పీరియడ్. ఆరో తరగతిలో సగం మందికి కళ్ళు మూతలు పడుతున్నాయి. కుసుమ మిస్ అదేమీ పట్టించుకోకుండా బోర్డు మీద నాలుగు మాటలు రాసింది. రిస్క్, డేర్, వెంచర్, గాంబుల్.

నాలుగూ ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి గానీ ఎవరి బుద్ధి వారిదే అంది మిస్. నష్టం రావచ్చని తెలిసీ ఒక పని చేస్తే రిస్క్. భయాన్ని పక్కకు నెట్టి ముందుకు దూకితే డేర్. ఎలా ఉంటుందో తెలియని చోటికి బయల్దేరితే వెంచర్. చేతిలో ఉన్నదాన్ని అదృష్టం మీద వదిలేస్తే గాంబుల్.

ఇక హోంవర్క్. ఒక్కో మాటతో ఒక్కో వాక్యం రాయాలి. పుస్తకంలోంచి ఎత్తిరాయకూడదు, సొంత ఇంట్లో, వీధిలో చూసినదే రాయాలి. శనివారం బడిలో సేఫ్టీ వీక్ ఫంక్షన్ ఉంది. జంషెడ్‌పూర్‌లోని ఈ బిర్సానగర్ చుట్టుపక్కల ఇనుప మిల్లుల ఆఫీసర్లు వస్తారు. బాగా రాసినవాళ్ళు స్టేజీ ఎక్కి చదవాలి. వాళ్ళలో ఒకరికి ఇంగ్లీషు డిక్షనరీ బహుమతి.

డిక్షనరీ అనగానే పద్మకుమారి నిద్ర ఎగిరిపోయింది. బిష్టుపూర్ బజారు పుస్తకాల షాపులో అద్దాల బీరువా ముందు నిలబడి ఆ నీలం అట్ట పుస్తకాన్ని ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఆ సాయంత్రం మూడు వాక్యాలు చకచకా వచ్చేశాయి. మబ్బు పట్టిన రోజు కూడా అమ్మ డాబా మీద అప్పడాలు ఎండబెట్టి రిస్క్ తీసుకుంటుంది. హిందీ ఒక్క ముక్క రాకుండానే నాన్న శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్‌కి వెంచర్ చేశాడు. పక్కింటివాళ్ళు దీపావళికి పేకాట ఆడి గాంబుల్ చేస్తారు.

డేర్ దగ్గర కలం ఆగింది. నాన్న తవిటయ్య ఇనుపకడ్డీలు చేసే ఓ చిన్న రోలింగ్ మిల్లులో మిషన్లు బాగుచేసే ఫిట్టరు. అక్కడ డేర్ చేసే పనులు బోలెడు ఉండి తీరాలి. కానీ ఆ వారం నాన్నకి బి షిఫ్టు. ఆమె బడి నుంచి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోతాడు, ఆయన వచ్చేసరికి ఆమె నిద్రపోతుంది, పొద్దున ఆమె బడికి వెళ్ళేసరికి ఆయన లేవడు. శుక్రవారం నాన్నకి సెలవు కదా, అప్పుడు అడిగి రాసుకోమంది అమ్మ భద్రమ్మ. అంతదాకా ఎవరు ఆగుతారు? పైగా కోతలు కోయడంలో పద్మకుమారి మహా దిట్ట.

రోలర్ల మధ్య ఇనుపకడ్డీ ఇరుక్కుంటే మిషన్ ఆగేదాకా అందరూ వెయిట్ చేస్తారు, మా నాన్న మాత్రం తిరిగే రోలర్లో చెయ్యి పెట్టి లాగేస్తాడు, మా నాన్న డేర్ చేస్తాడు అని రాసేసింది.

మర్నాడు మిస్ అది చదివి, మీ నాన్నగారు నిజంగా ఇలా చేస్తారా అని అడిగింది. పద్మకుమారి తడుముకోకుండా తల ఊపింది. మిస్ ఆ నాలుగు వాక్యాలనూ చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించింది. కింద పద్మకుమారి పేరు, నాన్న పేరు, మిల్లు పేరు. చార్టు వెళ్ళి హాలు గోడకి ఎక్కింది. పద్మకుమారి రెండు రోజులు గాల్లో తేలింది.

శుక్రవారం బడి నుంచి రాగానే నాన్న ఎదురుగా కూర్చుని నాలుగూ చదివి తెలుగులో చెప్పింది. అప్పడాల దగ్గర తవిటయ్య పగలబడి నవ్వాడు. నాలుగోది వినగానే నవ్వు ఆగిపోయింది.

"ఇది నీకెవులు సెప్పినారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. అచ్ఛా నహీఁ హై, బాగాలేదా నాన్నా?"

"తిరుగుతున్న రోలర్లోన సెయ్యెట్టేవోడు మొనగాడు కాదమ్మా. ముందు మిసను సుచ్చి ఆపాల. ఎర్రకార్డు మీద నా పేరు రాసి సుచ్చికి తగిలించాల, అదున్నంతసేపూ ఎవులూ సుచ్చి ఎయ్యకూడదు. ఆ కార్డు మళ్ళీ నానే తియ్యాల, ఫోర్మనొచ్చినా ముట్టుకోడు. అప్పుడే నాను సెయ్యెడతాను."

తవిటయ్య బడికి వెళ్ళినవాడు కాదు. మిల్లులో చేరిన కొత్తలో ఆ కార్డు కోసమే పట్టుబట్టి తన పేరు రాయడం నేర్చుకున్నాడు.

"అంటే నీకు భయమా?"

"బయమే. బయం లేనోడు ఎలాగుంటాడో మన జగ్గారావుని సూడు."

జగ్గారావు మామ ఎదురింట్లో ఉంటాడు. ఆయన కుడిచేతికి రెండే వేళ్ళు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చెయ్యి కాబట్టి, మిగతా మూడూ ఏమయ్యాయని పద్మకుమారి ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడగకుండానే తెలిసింది.

చార్టు సంగతి చెప్పేసరికి భద్రమ్మ ముఖం పాలిపోయింది. మీ మిల్లు ఆఫీసరు చదివితే ఏం చేస్తాడని భర్తని అడిగింది. కార్డు తగిలించకుండా చెయ్యి పెట్టినవాణ్ణి ఆ రోజే గేటు బయటికి పంపేస్తారని తవిటయ్య నెమ్మదిగా చెప్పాడు. ఆయన కూతుర్ని తిట్టలేదు.

"రేపు డూటీకి ముందు నానే బడికొత్తాను. ఆ బాబు కాళ్ళో ఏళ్ళో పట్టుకుని సెప్పుకుంటాను," అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఎవరి ముందూ తల వంచని నాన్న తన కోతల కోసం అంతమందిలో ఒకరి కాళ్ళు పట్టుకోవడం పద్మకుమారి ఊహించుకోలేకపోయింది.

శనివారం పొద్దున్నే ఆమె మిస్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మిస్ హాలు గోడ వైపు చూసింది. చార్టు తీసేయనా అంది. అప్పటికే ఆఫీసర్లు ఇద్దరు దాని ముందు నిలబడి చదువుతున్నారు. అందులో ఒకాయన నాన్న మిల్లు పేరు మీద వేలు పెట్టి ఏదో రాసుకున్నాడు.

"వద్దు మిస్. నేనే స్టేజీ మీద చెబుతాను."

"అప్పుడు డిక్షనరీ నీకు రాకపోవచ్చు పద్మా."

పద్మకుమారి సరేనంది.

ఆమె మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. హాలు చివర తలుపు దగ్గర ఖాకీ డ్యూటీ బట్టల్లో నాన్న కనిపించాడు. మొదటి మూడు వాక్యాలకీ అందరూ చప్పట్లు కొట్టారు. అప్పడాలకి మరీ గట్టిగా కొట్టారు. ఆ తర్వాత ఆమె కాగితం మడిచేసి హిందీలో చెప్పింది.

"నాలుగోది అబద్ధం. నేనే కల్పించి రాశాను. మా నాన్న స్విచ్ ఆపి, ఎర్రకార్డు తగిలించాకే రోలర్ ముట్టుకుంటాడు. డిక్షనరీ మీద ఆశతో నేనే మా నాన్న పనిని గాంబుల్ చేశాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొద్దున చార్టు చూసి రాసుకున్న నాన్న మిల్లు ఆఫీసరు లేచి తలుపు దాకా వెళ్ళి తవిటయ్యతో మాట్లాడాడు. కార్డు ఎప్పుడు తగిలిస్తావు, ఎవరు తీస్తారు అని అడిగాడు. తవిటయ్య చేతులు కట్టుకోకుండానే జవాబులు చెప్పాడు. సరే, డ్యూటీకి టైమవుతోంది, వెళ్ళమన్నాడు ఆఫీసరు. తవిటయ్య కూతురి వైపు ఒకసారి చూసి సైకిలెక్కాడు.

డిక్షనరీ అదే క్లాసులోని బలరామ్‌కి వెళ్ళింది. నీలం అట్ట చూడగానే పద్మకుమారికి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, మిస్‌ని స్కెచ్ పెన్ అడిగి తీసుకుని చార్టు దగ్గరికి వెళ్ళింది. నాలుగో వాక్యాన్ని కనబడకుండా కొట్టేసింది. దాని కింద ఇంగ్లీషులో మూడే మాటలు పెద్దగా రాసింది.

మై ఫాదర్ వెయిట్స్.