భోజనానికే అని తెచ్చిన లైట్లు

ఆ రోజు పొద్దున కూడా టీచరమ్మ వంటగట్టుకు ఆనుకుని నిలబడే తింది. ఇంట్లో కుర్చీలు లేక కాదు. నాలుగున్నాయి. ఒకదాని మీద ఎవరిదో కోటు, ఇంకోదాని మీద సగం కుట్టిన కర్టెన్లు, మరోదాని మీద దారం రీళ్ల డబ్బా, మిగిలిన దాని మీద వదిన. ఇక భోజనాల టేబుల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని నిండా గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర పట్టుకుని కూర్చుందావిడ. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. ఆ టేబుల్ పేరుకే భోజనాలది, పెత్తనమంతా కుట్టుపనిదే.

వదిన అంటే టీచరమ్మ భర్తకి అక్క. కాపురం నిలవక పుట్టింటికి తిరిగొచ్చి, కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించిన మనిషి. ఆ మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. ఆయనే వీలు దొరికినప్పుడల్లా అంటూ ఉంటాడు. టీచరమ్మకి ఒళ్లు మండేది అక్కడే. వదిన మంచిది కాకపోతే హాయిగా పోట్లాడేది. ఇంత మంచి మనిషితో ఏమని పోట్లాడుతుంది?

ఒకసారి స్కూల్లో తోటి టీచర్లు భోజనానికి వస్తే, అందరూ హాల్లో పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు. హెడ్మిస్ట్రెస్ పళ్లెంలో గుండుసూది వచ్చింది. ఆవిడ నవ్వేసి పక్కన పెట్టింది గానీ, టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఎవరినీ ఇంటికి పిలవలేదు. స్కూల్లో వాళ్లు మాత్రం ఊరుకుంటారా? టీచరమ్మ పిసినారిదని పేరు పెట్టారు.

అందుకే వంటింటికీ భోజనాల గదికీ మధ్య గోడ కొట్టించి ఒక్కటి చేసినప్పుడు, లైట్లు తానే చూసుకుంటానంది. టేబుల్ మీద వరసగా వేలాడే మూడు హ్యాంగింగ్ లైట్లు. ఎన్నో రాత్రులు కళ్లు మూసుకుని చూసుకున్న బొమ్మ అది. సరేలే, నీ ఇష్టం అన్నాడాయన. ఒక్కతే షాపుకి వెళ్లింది.

షాపులో అబ్బాయి ఓపికస్తుడు. గాజువి, ఇత్తడివి, వెదురువి అన్నీ వెలిగించి చూపించాడు. ఆమె ముదురాకుపచ్చ గిన్నెల్లాంటివి ఎంచుకుంది. బల్బుల దగ్గరికొచ్చేసరికి అతను ఆగాడు.

"ఆ టేబుల్ మీద భోజనమేనా మేడమ్, ఇంకేమైనా పని చేస్తారా? చదువూ కుట్టుపనీ లాంటివైతే తెల్లది తీసుకోండి. ఈ పసుపు వెలుగులో రంగులు తెలియవు." అంటూ రెండు రిబ్బన్లు తెచ్చి పసుపు లైటు కింద పట్టాడు. రెండూ నల్లవే. తెల్లలైటు కిందకి జరిపాడు. ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం.

టీచరమ్మ ఆ రిబ్బన్ల వంక కాసేపు చూసింది. వదినకి వరండా ఉందిగా అనుకుంది. పగలు వెలుగు బాగానే పడుతుంది, మిషను అక్కడికి మార్చుకుంటుంది, ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు.

"భోజనానికే," అంది.

లైట్లు బిగించిన సాయంత్రం ఇల్లు కళకళలాడిపోయింది. పాత ట్యూబులైటు పీకేశారు. కాలేజీ నుంచొచ్చిన కూతురు హోటల్లా ఉందని గెంతింది. వదిన కూడా తలెత్తి మూడింటినీ చూసి, "బాగున్నాయి అమ్మాయ్. ఇన్నాళ్లకి ఈ గదికి మొహం వచ్చింది," అంది. అని మళ్లీ తన గుడ్డ పరుచుకుంది.

ఆ గదికి కిటికీ లేదు. పగలైనా లైటు వేయాల్సిందే. పది రోజులు తిరక్కుండానే బ్యాంకులో పనిచేసే ఆవిడ తన నల్లకోటు తిరిగి తెచ్చింది. చేతుల అంచులు రెండూ నీలం దారంతో కుట్టి ఉన్నాయి. వదిన నిలువునా నీరైపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ కుట్టింది వాపసు రావడం అదే మొదలు. ఆ వారంలోనే ఇంకొకరి తెల్ల గౌనుకి మీగడరంగు లైనింగు పడింది. ఊరికే ఉన్న నోళ్లకి పని దొరికింది. పాపం, ఆవిడకి చూపు పోతోందట అని వీధి వీధంతా జాలిపడింది.

టీచరమ్మ అనుకున్నట్టు జరగలేదు. వదిన లైటుని అనుమానించలేదు. తన కళ్లని అనుమానించుకుంది.

ఆయన అక్కని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వయసుకి తగ్గట్టే ఉన్నాయని ఆ డాక్టరు కొత్త అద్దాలు రాశాడు. అవి పెట్టుకున్నా తప్పులు తగ్గలేదు. వదిన ప్రతి రీలూ ముక్కుకి ఆనించుకుని చూడ్డం, కుట్టింది విప్పడం, మళ్లీ కుట్టడం. "తల్లీ, ఇది నలుపేనా చెప్పు" అని మేనకోడల్ని పిలిచి అడిగేది. ఆ పిల్లకీ ఆ వెలుగులో నలుపులాగే కనిపించేది.

చెప్పేస్తే పోయేది. టీచరమ్మకి తెలియక కాదు. మొదటి కోటు తిరిగొచ్చినప్పుడే, అయ్యో బల్బు మారుద్దాం అనుంటే నవ్వుతో తేలిపోయేది. అప్పుడు మొహమాటపడి ఊరుకుంది. డాక్టరు దాకా వెళ్లొచ్చాక చెప్పడానికి మొహం చెల్లలేదు. పైగా, నిజం చెప్పుకోవాలంటే, టేబుల్ రోజురోజుకీ ఖాళీ అవుతోంది. ఒకరోజు భర్తా తనూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు కూడా. ఆ రోజు కూర ఎంత రుచిగా ఉందో, వదిన కూర్చునే కుర్చీ వంక చూడటం అంత కష్టమైంది.

ఇక చాలక్కా, విశ్రాంతి తీసుకో, నిన్ను మేం చూసుకోలేమా అన్నాడు తమ్ముడు. ప్రేమగానే అన్నాడు. వదిన తలూపింది. తర్వాత రోజు నుంచి ఆవిడ పొద్దున్నే ఎక్కడికో వెళ్లి రావడం మొదలుపెట్టింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

రెండు వారాలకి ఇంటి ముందు వ్యాను ఆగింది.

పెద్దబజారులో రెడీమేడ్ బట్టల షాపువాళ్లు అంచులు సరిచేసే పని ఇచ్చారనీ, మేడమీద గది కూడా ఉందనీ వదిన అప్పుడు చెప్పింది. ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. కూతురు అత్త పమిట వదల్లేదు. మిషను వ్యానెక్కింది. వదిన లోపలికొచ్చి, టేబుల్ దగ్గర కత్తెరకి గుడ్డ చుట్టుకుంటోంది. టీచరమ్మ వెనకాలే వెళ్లి నిలబడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసిపోయింది.

"వదినా, మీ కళ్లు బాగానే ఉన్నాయి."

"తెలుసు."

"కాదు వదినా, ఈ లైట్లు…"

"అదీ తెలుసమ్మాయ్." వదిన కత్తెరకి ఇంకో చుట్టు చుట్టింది. "కొత్త అద్దాలు పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటే నీలం నీలంగానే కనపడింది. లోపలికొస్తే నలుపు. హమ్మయ్య, కళ్లు పోలేదు అనుకున్నా. ఎంత సంతోషం వేసిందనుకున్నావ్. బల్బు మార్చుకుందామని పరిగెత్తుకుంటూ ఆ షాపుకే వెళ్లా. ఆకుపచ్చ లైట్లు, ఫలానా ఇల్లు అనగానే ఆ అబ్బాయికి గుర్తొచ్చింది. నేను అప్పుడే అడిగానండీ, మేడమ్ భోజనానికే అన్నారు, అన్నాడు."

వదిన దారాల డబ్బా తెరిచి, అడుగు నుంచి మూడు బల్బుల పెట్టెలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఆ రోజే కొన్నా. తెల్లవి. స్టూలెక్కి మార్చడం ఎంతసేపు? కానీ నేనిక్కడ ఉండటం నీకు ఇష్టం లేదని తెలిశాక ఎవరికోసం ఎక్కను? నువ్వు చెప్తావేమో, చెప్తావేమో అని చూశా. ఒక్క మాట, వదినా, టేబుల్ ఖాళీ చేయండి అనుంటే సరిపోయేది. నా కళ్లే పోయాయని నేను ఏడుస్తుంటే, పక్కన నిలబడి అన్నం వడ్డించావు చూడు."

టీచరమ్మ ఏడ్చింది. ఆనాడు ఒళ్లో పెట్టుకున్న పళ్లాలూ, హెడ్మిస్ట్రెస్ గుండుసూదీ, అన్నీ చెప్పాలనుకుంది. ఇన్నేళ్లుగా కొండంత ఉన్నవి ఆ క్షణాన పట్టుమని ఒక మాటకి కూడా చాలలేదు. వదినే అంది, నీ తప్పూ లేకపోలేదు, నా తప్పూ ఉంది, నీ ఇంట్లో నీకు కంచం పెట్టుకునే చోటు లేదని నాకు తట్టనే లేదు అని.

"తమ్ముడికి చెప్పలేదు. చెప్పను కూడా. వాడు నిన్ను ఏమైనా అంటే నేను వినలేను," అని కత్తెర సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

వదిన చెప్పలేదు. టీచరమ్మే చెప్పుకుంది. ఒక సాయంత్రం ఆయన, షాపులో అక్క పని చూసి యజమాని మెచ్చుకుంటున్నాడట, కళ్లు వాటంతటవే బాగుపడ్డాయట అని మురిసిపోతుంటే భరించలేక, షాపులో రిబ్బన్ల దగ్గర్నుంచి మొత్తం చెప్పేసింది. ఆయన అరవలేదు. పళ్లెం తీసుకుని హాల్లోకి వెళ్లి, ఒళ్లో పెట్టుకుని తిన్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. కూతురు తన గదిలో తినడం మొదలుపెట్టింది. శుభ్రంగా తుడిచిన టేబుల్ ముందు, మూడు లైట్ల కింద, టీచరమ్మ ఒక్కతే కూర్చునేది.

ఒక ఆదివారం పొద్దున స్టూలెక్కి, వదిన వదిలి వెళ్లిన మూడు తెల్లబల్బులూ బిగించింది. కుట్టుపనికని టేబుల్‌లో సగం ఖాళీగా వదిలి, వదిన పాత కుర్చీ అక్కడికి లాగింది. తర్వాత పెద్దబజారుకి వెళ్లి, వదిన చేతులు పట్టుకుని రమ్మంది. ఉండటానికి రానుగానీ భోజనానికి వస్తానంది వదిన.

వచ్చింది. అందరూ టేబుల్ దగ్గరే కూర్చున్నారు, ఆయన కూడా. తెల్లటి వెలుగులో ఒకరి మొహం మీద గీతలు ఒకరికి కనిపిస్తున్నాయి. వదిన తలెత్తి చూసింది. ఖాళీగా ఉంచిన సగం టేబుల్‌నీ చూసింది. ఏమీ తెలియనట్టు కూర కలుపుకుంటూ అంది.

"ఈ లైటు తీసెయ్ అమ్మాయ్. కూర పాలిపోయినట్టుంది. మళ్లీ ఆ పసుపువే పెట్టు."

"మీకోసమే మార్చాను వదినా."

"పనిచేసేవాళ్లకి కదా ఇది," అంది వదిన, మెత్తగానే. "నేనిప్పుడు భోజనానికేగా వచ్చేది."

టీచరమ్మ లేచి స్విచ్చి ఆపి, స్టూలు తెచ్చుకుని ఎక్కింది. బల్బు ఇంకా కాలుతోంది. చీరకొంగుతో పట్టుకుని విప్పుతూ, చీకట్లోనే ఏడ్చింది. కింద వదిన, పడిపోకుండా స్టూలు గట్టిగా పట్టుకుంది.