పసుపు చెదరని నట్లు

కోదాడలోని ఆ మేడగదిలో జితేందర్ తల పగిలి దొరికాడు. పక్కన స్టీరింగ్ పడి ఉంది. కారు మాత్రం లేదు.

రైస్‌మిల్లు తుక్కు ఇనుము, పాత ఆటో సీటు కలిపి కట్టిన రథం అది. దానిపై ఆసీనుడై, కంప్యూటర్ తెరమీది రేసు ట్రాకులన్నిటినీ జితేందర్ జయించేవాడు. ఆ రథానికి విశ్వకర్మ అతని స్నేహితుడు, వెల్డర్ మంగ్త్యా. ఆ విశ్వకర్మే ఇప్పుడు గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

"వీడే సార్!" జితేందర్ తల్లి సుకన్య వేలు చూపింది. "పొద్దుగాల పానా పట్టుకొని వచ్చిండు. ఇద్దరు కొట్లాడిన్రు. నట్లు వదులు చేసి పోయిండు. నా కొడుకు సూర్యాపేట దవాఖానల కండ్లు తెరుస్తలేడు!"

సి.ఐ. దేవసహాయం మంగ్త్యా వైపు తిరిగాడు.

"నట్లు ముట్టినవా?"

"లేదు సార్."

"సాక్షి?"

"ఎవ్వరు లేరు."

ఆ మాటతో మంగ్త్యా చెవుల్లో జైలు తలుపు మూసుకుంది.

"అమ్మా, చప్పుడు ఎప్పుడైంది?"

"పోయిన కరెంటు సాయంత్రం 5.40కి వచ్చింది. రాంగనే ధడేల్మన్నది."

సి.ఐ. స్టీరింగ్ వైరున్న స్విచ్ నొక్కాడు.

నేలమీది స్టీరింగ్ తనంత తానే ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది. వైర్లతో సహా ఎగిరిపడింది. సుకన్య కెవ్వుమంది. మంగ్త్యా కళ్లు మూసుకున్నాడు.

"దయ్యం గాదు, మోటారు. కరెంటు రాంగనే ఈ చివరిదాక, ఆ చివరిదాక తిరిగి తన హద్దులు తాను చూసుకుంటది. అప్పుడు పిల్లవాడు పెడల్ చూడనీకె కిందికి వంగి ఉన్నడు. స్టీరింగ్ ఊడి తలమీద పడ్డది."

సి.ఐ. నేలమీది నట్లు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు.

"వీటికి పసుపెవరు పెట్టిన్రు?"

"నేనే," అంది సుకన్య. "దసరాకు, ఆయుధ పూజల. ముద్ద పసుపు."

"పానా పడితే ఈ పక్కల పసుపు రాలిపోయేది. చూడమ్మా, చెక్కుచెదరలేదు. వీటిని ఎవరూ విప్పలేదు. ఊపుడుకు వాటంతటవే తిరిగి రాలినయ్."

చట్రంమీది రెండు నీలి రబ్బరు ముక్కలు ఎత్తి చూపాడు. చెప్పు అట్టలు.

"స్టీరింగ్ కింద ఈ మెత్తటిది అణిగింది. బిగింపు వదిలింది. పెట్టిందెవరు?"

మంగ్త్యా తల దించుకున్నాడు. "నేనే సార్. మొదట బిగించిన నాడు. తీసేద్దామని పొద్దుగాల వచ్చిన. జితేందర్ వద్దన్నడు. గదే కొట్లాట."

"ఎందుకు వద్దన్నడు?"

మంగ్త్యా ఓరగా సుకన్య వైపు చూశాడు. సుకన్య ముఖం పాలిపోయింది.

"నేనే పెట్టమన్న," అందామె. "సప్పుడుకు కింద నాకు నిద్ర పట్టదని."

"ఇంతసేపు ఎందుకు చెప్పలేదురా?" సి.ఐ. గద్దించాడు.

"పెద్దమ్మ తట్టుకుంటదా సార్?"

సుకన్య ఫోన్ మోగింది. సూర్యాపేట నుంచి ఆమె భర్త దేవేందర్. "తెరిసిండే! కండ్లు తెరిసిండు! స్టీరింగ్ పగిలిందా అని అడుగుతుండు."

సుకన్య కూలబడి ఏడ్చింది. లేచి, చెప్పు అట్టలు కిటికీలోంచి విసిరేసింది.

"ఇనుము మీద ఇనుము పెట్టి బిగియ్యి బిడ్డా. సప్పుడు నేను పడ్త."

మంగ్త్యా పానా అందుకున్నాడు. అది పట్టగానే నట్టు మీది పసుపు రాలింది.