ఎర్ర కుండ మీద తల్లి పేరు

సాయంత్రం 6:09.

బయోడైవర్సిటీ జంక్షన్‌లో బండి కదలట్లేదు. లాగౌట్ టైమ్... రోడ్డంతా బ్రేక్ లైట్లే.

మౌనిక ఆగడం లేదు.

క్యాబ్ మీదికి ఒక గెంతు. అక్కణ్ణుంచి బస్సు మీదికి. బస్సు మీంచి... ఫ్లైఓవర్ పైకి!

"అన్నా, జర చూడే! ఫ్లైఓవర్ పిల్ల!"

బైకు మీంచి ఎవరో అరిచారు. ఫోన్లు పైకి లేస్తున్నాయి.

లేవనీ! స్కూటీ అమ్మాయిలు కట్టుకున్నట్టే మొహానికి స్కార్ఫ్ చుట్టుకుంది. కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఇరవై మూడేళ్ల సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎంత ఎత్తుకైనా గెంతగలదు, ఎంత ఎత్తు నుంచి పడినా దెబ్బ తగలదు. ఎందుకో ఆమెకే తెలియదు.

అయినా ఇవాళ భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

చెవిలో బ్లూటూత్ మోగింది. నంద్యాల నుంచి అవ్వ, ఓబులమ్మ.

"ఏమే పెంటమ్మా! గిరిగాడు ఫోన్ ఎత్తలేదే. మద్యాన్నం నించి నా గుండె దడదడ అంటాంది."

"మీటింగ్‌లో ఉంటాడులే అవ్వా."

"నువ్వు పక్కన ఉండావనే గదా వాణ్ణి పట్నం పంపించింది. నీకు ముందు ఇద్దరు పోతే, నిన్ను దిబ్బ మీద పొర్లించి, పెంటమ్మ అని పేరు పెట్టి, చాటెడు నూకలకు పక్కింటి అంజమ్మకు అమ్మితిమి. అట్ల బతికినావు నువ్వు. వాడికి అవేమీ చెయ్యలేదే... బిడ్డ జాగ్రత్త!"

"నేను చూసుకుంటా అవ్వా."

కట్ చేసింది.

ఏమని చెప్పాలి? నీ మనవడు మూడింటికి కుర్చీలోనే బిగుసుకుపోయాడనా? కళ్లు తెరిచే ఉన్నాయి, పలకడం లేదనా?

ఆ కబురు వెనకే వాట్సాప్‌లో ఒక ఫొటో. సోఫా మీద తమ్ముడు గిరీష్. పక్కన ఎర్ర మట్టికుండ. దాని మీద నల్ల సిరాతో ఏవో పిట్టలు, కళ్లు, పాములు... ఈజిప్టు రాతలు. వాటి కింద తెలుగులో రెండు ముక్కలు.

గిరీష్. తల్లి పేరు సీతాబాయి.

ఫొటో కింద మెసేజ్. "6:26కి సూర్యాస్తమయం. నా ఆఫీసుకి మీరొక్కరే రండి. పార్థసారథి."

ఈ వారంలో నలుగురు ఉద్యోగులు అలాగే బిగుసుకుని, సూర్యుడు మునిగేలోపు చచ్చిపోయారు. ప్రతి ఒక్కరి దగ్గరా ఎర్ర కుండ పెంకులు దొరికాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ నలుగురి వివరాలు సరిచూసి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసింది ఒక్కడే... పార్థసారథి!

ఆ వెరిఫికేషన్‌కి గిరీష్ ఫారం నింపింది ఎవరు?

తనే! వాడికి బద్ధకం. "నువ్వే కొట్టెయ్ అక్కా" అంటే కూర్చుని తనే నింపింది. తల్లి పేరు అన్న గడితో సహా.

6:17. నానక్‌రామ్‌గూడ, పార్థసారథి ఆఫీసు టవర్.

"ఏ అమ్మా! ఏడికి? ఐడీ కార్డ్ ఏది?" సెక్యూరిటీ అడ్డం వచ్చాడు.

అతని తల మీదుగా గెంతింది!

పక్కన కడుతున్న టవర్ క్రేన్ మీదికి. క్రేన్ కొస నుంచి పందొమ్మిదో అంతస్తు కిటికీకి.

ధన్!

అద్దం ముక్కలైంది. మౌనిక కార్పెట్ మీద దొర్లి లేచింది.

"రండి మౌనిక గారూ. తలుపు తీసే ఉంచానండి... మీకు కిటికీయే అలవాటనుకుంటాను."

టక్ చేసిన తెల్లచొక్కా, మెడలో ఐడీ కార్డు. యాభై ఏళ్ల పెద్దమనిషి. లిఫ్టులో ఎదురైతే నమస్కారం పెడతాం... అలాంటి మొహం.

సోఫా మీద గిరీష్. కళ్లు సీలింగ్‌కేసి ఉన్నాయి. బల్ల మీద వాడి కుండ, దాని పక్కన ఇంకొకటి.

"నా తమ్ముణ్ణి వదిలెయ్."

"ఆయనతో నాకేం పనండి? మీరు రావాలని పిలిచాను. ఈ పార్థసారథి ఒళ్లు అరిగిపోయింది. మూడు వేల ఏళ్లుగా ఇలాగే ఇళ్లు మారుతున్నాను. పేరున్నంతసేపే ఒంట్లో మనిషి ఉంటాడండి. తల్లి పేరుతో సహా రాసిన కుండ పగిలితే ఆ పేరు పోతుంది. పేరు పోతే ఖాళీ ఇల్లే. మొన్నటి నలుగురూ నన్ను మోయలేకపోయారు. మీరు మోస్తారు."

రెండో కుండ ఎత్తాడు.

మౌనిక. తల్లి పేరు సీతాబాయి.

ఆమె దూకేలోపే నేలకేసి కొట్టాడు!

ఫట్!

మౌనిక కళ్లు మూసుకుంది. ఒకటి... రెండు... మూడు...

ఏమీ కాలేదు!

కెవ్వుమని అరిచింది అతనే! ఎడమచెయ్యి మోచేతి దాకా ఎండు కట్టెలా నల్లబడిపోయింది.

"తప్పు పేరు! తప్పు రాస్తే రాసినవాడికే తగులుతుంది... ఎవరు నువ్వు?"

"అది సర్టిఫికెట్ పేరు. నువ్వేం వెరిఫై చేశావు మరి?"

కుడిచేత్తో గిరీష్ కుండ లాక్కుని కిటికీ బయటికి చాచాడు. పందొమ్మిది అంతస్తుల కింద రోడ్డు.

"అసలు పేరు చెప్పండి. తల్లి పేరు కూడా. మీ తమ్ముడి కుండ మీ చేతికిస్తాను. లేదంటే... వదిలేస్తానండి!"

6:22.

గెంతితే అందుకోగలదా? అందకపోతే? అవ్వకి ఏమని చెప్పాలి?

దిబ్బ మీద పొర్లించింది చావును ఏమార్చడానికే. అదే పేరు చావుకి తన నోటితో చెప్పాలి.

"పెంటమ్మ."

"తల్లి పేరు?"

అతని చేతిలోని కుండ వంక చూసింది.

"కన్నతల్లి సీతాబాయి."

అబద్ధం కాదు. కానీ అంతా నిజం కూడా కాదు. మాట ప్రకారం కుండ అందించాడు. మౌనిక దాన్ని గుండెలకు అదుముకుంది. అతను బల్ల కింద నుంచి కొత్త కుండ తీసి గబగబా రాశాడు. ఎత్తాడు.

ఫట్!

ఈసారి అరవడానికి కూడా అతనికి నోరు మిగల్లేదు. నలుపు భుజం దాకా, మెడ దాకా, బుగ్గల దాకా పాకింది. గోడకు చేరగిలబడి జారిపోయాడు.

"నన్ను ఎప్పుడో అమ్మేశారు సార్," అంది మౌనిక. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. "చాటెడు నూకలకు. నీ ఫారంలో ఆ గడి లేదు!"

కానీ గిరీష్ లేవలేదు!

"గిరీ! ఒరే గిరీ!" భుజం పట్టుకుని కుదిపింది. చెంప మీద కొట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

6:24. అద్దాల టవర్ల వెనక సగం సూర్యుడే మిగిలాడు.

"పేరు..." పార్థసారథి పెదవులు కదిలాయి. "తుడిచెయ్యండి... లేస్తాడు..."

ఆలోచించే టైమ్ లేదు. స్కార్ఫ్ లాగింది. చిన్నప్పుడు పలక తుడిచినట్టు ఉమ్మి రాసి, కుండ మీద రుద్దింది. గిరీష్ పోయింది. సీతాబాయి పోయింది. ఎర్ర మట్టి మాత్రం మిగిలింది.

పార్థసారథి తల పక్కకి వాలిపోయింది.

సోఫా కిర్రుమంది. గిరీష్ లేచి కూర్చున్నాడు!

"ఒరే!" మౌనిక వాణ్ణి వాటేసుకుని భోరుమంది. "చంపేశావు కదరా! అవ్వకి ఫోన్ చెయ్యి ముందు... చెయ్యరా!"

వాడు ఆమె వీపు నిమిరాడు. మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. బల్ల దగ్గరికి నడిచాడు. తుడిచిన కుండ ఒక చేతిలోకి, తడి ఆరని కుంచె ఇంకో చేతిలోకి తీసుకున్నాడు.

"థాంక్సండి, మౌనిక గారూ."

మౌనిక ఒక అడుగు వెనక్కి వేసింది.

గిరీష్ పుట్టి బుద్ధెరిగాక ఆమెను గారూ అనలేదు. పెంటక్కా అని ఏడిపించడమే తెలుసు వాడికి.

పేరు పోతే ఖాళీ ఇల్లే...

ఫారం నింపింది తను. ఇప్పుడు తుడిచింది కూడా తనే!

"మీ తమ్ముడికి మంచి జ్ఞాపకశక్తండి," కుంచె చకచకా కదులుతోంది. "పెంటమ్మ. కొన్నతల్లి... పక్కింటి అంజమ్మ గారు. అంతేనాండి?"

మౌనిక గెంతింది!

గాల్లోనే పిడికిలి ఎత్తింది. ఒక్క దెబ్బ చాలు... వాడి పుర్రె పగిలిపోతుంది.

ఎదురుగా గిరీష్ మొహం. ఎడమ కనుబొమ మీద, చిన్నప్పుడు ఆమె సైకిల్ మీంచి పడేసినప్పటి మచ్చ.

పిడికిలి ఆగిపోయింది.

6:25. సూర్యుడు ఇంకా మునగలేదు.

ఫట్!