గంగు చెవులు

నేను పుట్టు చెవిటిదాన్ని. ఈ మాట చెప్పగానే జాలిగా మొహం పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా అజయ్ బావ ఆ బాపతే. మంచివాడే, కాకపోతే అక్కర్లేని సాయం చెయ్యందే నిద్రపట్టదు.

మొన్న వానాకాలంలో బావ, నేను, మా చెల్లి భాను టైడాలో కొండవాలున ఒక పెంకుటింట్లో దిగాం. వంటకి కనక అని ఆ ఊరి మనిషి. పొద్దుటినుంచీ వాన. బయటికెళ్ళే దారిలేక మధ్యాహ్నం ఆట మొదలుపెట్టాం. పాచికలేస్తూ కథ అల్లుకునే ఆట అది. కథ బావ నడుపుతాడు, మేం అందులో మనుషులమవుతాం. నా మనిషి పేరు గంగు. వేటగత్తె, నాలాగే చెవిటిది. ఏరికోరి నేనే అలా చేసుకున్నాను. అరికాళ్ళతో నేల అదురు పట్టి, శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పేస్తుంది. ఆటలో దాన్ని మించినవాళ్ళు లేరని నాకు భలే గర్వం.

ఆట పటం మీద మా మనుషులకి బదులు నిలబెట్టే బొమ్మల్ని బావ ఇంట్లో మర్చిపోయాడు. గంగు కోసమని దారిపక్క రాయి కిందనుంచి ఒక మట్టిబొమ్మ పట్టుకొచ్చాడు. టీ తెచ్చిన కనక దాన్ని చూసి గ్లాసులు కింద పెట్టేసింది. ఆమె ఏమందో భాను నాకు చేతులతో చెప్పింది.

“అది మొక్కుబొమ్మ బాబూ. ఎవలో ఏదో అడుక్కోని ఎట్టినారు. బేగి ఎట్టేసి రండి. దాని ముందర ఏటీ అడక్కండి.”

“వాన తగ్గనీ, పెట్టేస్తాలే,” అన్నాడు బావ.

సాయంత్రం కాకముందే కిటికీల్లోంచి మంచు దిగి గది మసకబారింది. తడిసిన మట్టిగోడల వాసన, పొయ్యి పొగ. ఆటలో గంగు ఒక గుహలో అమ్మవారి ఎదుట నిలబడి ఉంది. బావ మట్టిబొమ్మని పైకెత్తాడు. అతని పెదవులు చదివాను.

“అమ్మా, మా గంగుకి చెవులియ్యి.”

“నిన్నెవరడిగారు బావా? దానికి ఏటి తక్కువైంది?” అన్నాను కోపంగా.

“ఆటే కదా జయా!” అంటూ పాచిక వేసేశాడు.

కరెంటు పోయింది. ఫ్యూజు చూస్తానని బావ వెనక వంటపాకలోకి, కనక దగ్గరికి వెళ్ళాడు. చీకటైతే నాకు మాటలుండవు. పెదవులో చేతులో కనబడాలి. అది తెలిసిన పిల్ల కాబట్టి భాను ఫోన్ లైటు తన మొహం మీదే వేసుకుంది.

అప్పుడు నా తలలో ఏదో మొదలైంది. అదురు కాదు. అదురు కాళ్ళలో పుడుతుంది. ఇది పైనుంచి, అన్ని వైపులనుంచి... అది వాన అని తెలియడానికి చాలాసేపు పట్టింది.

భాను పెదవులు “అక్కా” అన్నాయి. వాటితోపాటే సన్నగా ఏదో నా చెవిలో పడింది. నా చెల్లి గొంతు! అది పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను, వినడం ఇదే మొదలు. వద్దన్నదాన్ని, వెక్కివెక్కి ఏడ్చాను. మళ్ళీ అనమన్నాను. “అక్కా,” అంది. ఇంకోసారి అనమన్నాను.

పెదవులు కదిలాయి. గొంతు మాత్రం... వీధి తలుపు అవతలనుంచి వచ్చింది.

“అక్కా.”

లైటు వెలుగులో భాను నవ్వుతూ ఏదో చెబుతోంది. చప్పుడు లేదు. బయట వానలో అదే గొంతు. దగ్గరగా. తలుపుకి ఆనుకుని...

“నువ్వేనా... పిలుస్తున్నావు?” గుసగుసగా అడిగాను. నా గొంతు నాకే వినబడి ఉలిక్కిపడ్డాను.

భాను తల అడ్డంగా ఊపింది. దాని చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. నా చెల్లి ఇదే. ఇదే అయ్యుండాలి. ఇన్నేళ్ళూ నమ్మింది కళ్ళనీ చేతుల్నీ. ఇప్పుడొచ్చిన చెవుల్ని ఎలా నమ్మను?

“అక్కా... అక్కా...”

ఏడుస్తోంది. తలుపు గడియ అదిరింది. ఇక తట్టుకోలేకపోయాను. పటం మీది బొమ్మని లాగేశాను.

“గంగుకి చెవులొద్దు. తీసేసుకో... తీసేసుకో తల్లీ...”

“అక్...”

అంతే. వాన కూడా ఆగిపోయింది, నా వరకు.

బావ దీపం పట్టుకొచ్చాడు. తెల్లారేదాకా అతన్ని వీధి తలుపు తియ్యనివ్వలేదు. పొద్దున్నే బొమ్మని రాయి కింద పెట్టేసి వచ్చాడు. భాను అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. తనమీద అలిగిందనుకుని దారి పొడుగునా బతిమాలుకున్నాడు పాపం. నాతో మాత్రం అది చేతులతో కబుర్లే కబుర్లు. నాకేం తేడా తెలుస్తుంది?

మమ్మల్ని ఎస్.కోటలో ఇంటి దగ్గర దించి బావ వెళ్ళిపోయాడు. భాను ముందుగా లోపలికెళ్ళింది. కాసేపటికి అమ్మ కంగారుగా గుమ్మంలోకి వచ్చి నన్ను ఆపింది. నాకు అందేలా మొహంలో మొహం పెట్టి అడిగింది.

“ఏటే ఇది? భాను గుంట నోరు కదుపుతోంది. గొంతు రాదేటి?”

అమ్మ భుజం మీదుగా చూశాను. హాలు మధ్యలో భాను నిలబడి, నావైపే చూస్తూ నవ్వుతోంది. పెదవులు మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా కదిలించింది.

“తలుపు తియ్యి... అక్కా.”

మా వీధి తలుపు బార్లా తీసే ఉంది. నేను తియ్యనిది టైడాలో తలుపు.